చిక్కుడు పూతకొచ్చింది

సెప్టెంబర్ రెండో వారంలో ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వెనక పెరట్లోకి వెళ్లాను. గడ్డంతా తడిగా ఉంది. వాన పడలేదు, రాత్రి కురిసిన మంచు అది. చెప్పుల్లోంచి వేళ్లకు చల్లగా తగిలింది. జూలైలో ఇదే టైముకి అక్కడ నిలబడితే ఎదురింటి కప్పు మీది నుంచి ఎండ సూటిగా కళ్లలో పడేది, దోమలు నిలవనిచ్చేవి కావు. ఇప్పుడు ఆరింటికి ఇంకా మసక చీకటే. ఫోన్ లైటు వేసి చిక్కుడు పందిరి కింద దూరాను. మూడు నెలలుగా ఆకు తప్ప ఇంకేమీ చూపించని ఆ తీగకి, నా తలకు జానెడు పైన, నిటారుగా ఒక పూగుత్తి లేచి ఉంది. కొసన మొగ్గలు గోధుమగింజంత కూడా లేవు. అడుగున మాత్రం రెండు పూలు విచ్చుకున్నాయి, లేత వంకాయ రంగులో. ఒక చీమ అప్పటికే ఎక్కి తిరుగుతోంది.

మా ఆయన్ని లేపి చూపించాను. స్కూలు బస్సుకి టైమవుతున్నా పాపని కూడా లాక్కొచ్చాను. వాళ్లకు ఏటా ఇది అలవాటే.

ఇది రాస్తున్నది 2025 అక్టోబర్ మొదటి వారంలో. ఇప్పుడు పందిరి నిండా పూతే. పిందెలు దిగాయి, కొన్ని కాయలు వేలెడంత అయ్యాయి. ఇంకో రెండు వారాలో, మూడు వారాలో, ఎప్పుడో ఒక రాత్రి ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టే మంచు, పడుతుంది. ఆ తర్వాత ఈ తీగ ఉండదు. ఏడాదిలో నాకు తోట మీద ప్రాణం కొట్టుకునే రోజులు ఇవే. జూన్‌లో నారు పోసినప్పటి సంబరం వేరు, జూలైలో బుట్టలకొద్దీ టమాటలు కోసి ఫోటోలు పెట్టే సంబరం వేరు. ఈ నెలన్నర మాత్రం తోట ఒక పక్క వాడిపోతూ ఇంకో పక్క పూస్తూ ఉంటుంది. దాన్ని వదిలి ఇంట్లో కూర్చోబుద్ధి కాదు.

మేం ఉండేది న్యూజెర్సీలో, సోమర్‌సెట్ కౌంటీలో. ఈ ఇంట్లోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. నా సొంతూరు జగిత్యాల దగ్గర ఒక పల్లె. బాపు పసుపు, మక్క వేసేవాడు. ఈ ఇల్లు కొనక ముందు చూడ్డానికి వచ్చిన రోజు, పెరట్లో పాత ఓనర్ ఏదో చెట్టు తీయించిన గుంత ఒకటి పూడ్చకుండా ఉంది. దాంట్లో మట్టి ఎర్రగా కనిపించింది. ఈ ప్రాంతంలో అడుగున ఎర్రటి షేల్ రాయి ఉంటుంది, ఆ రాయి పొరలు పొరలుగా చితికి ఇలా మట్టి అవుతుంది. మా చెల్క మట్టి పుట్టుక వేరు, దీని పుట్టుక వేరు. రంగు మాత్రం ఒకటే. గుంత పక్కన కూర్చుని పిడికెడు తీసి నలిపి చూశాను. స్కూళ్లు, టాక్సులు, కప్పు ఎన్నేళ్లదో, ఇవన్నీ మా ఆయన చూసుకున్నాడు. నాకు ఆ గుంత చాలు.

ఆ మట్టిలో మొదటి ఏడు టమాట, మిర్చి, సొర పెట్టాను. రెండో ఏడు చిక్కుడు. గుడిలో ప్రసాదం లైన్లో కలిసిన ఒక అక్క చిన్న కవర్లో ఐదు గింజలు ఇచ్చింది. నల్లటి గింజ, పక్కన తెల్లటి గీత. మే నెలాఖరున పెట్టాను. ఐదూ మొలిచాయి. జూన్‌లో పాకాయి, జూలైలో పందిరి కప్పేశాయి, ఆగస్టు వచ్చేసరికి పక్క మడిలో మిర్చికి ఎండ తగలకుండా చేశాయి. ఒక్క పువ్వు లేదు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను, తగ్గించాను. నీళ్లు ఎక్కువైందేమో అని మానేశాను. కొసలు తుంచాను. అయినా ఆకులే. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం కోపం వచ్చి, మొదలంటా కోసి, ఆ తీగంతా చుట్టలు చుట్టి చెత్త సంచుల్లో కుక్కాను. నాలుగు సంచులయ్యాయి.

అక్టోబర్‌లో గుడిలో అదే అక్క కనిపించి, "మీ చిక్కుడు ఎట్లుంది? మాది మస్తు కాస్తున్నది" అంది. జరిగింది చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "అయ్యో, ఇంకో మూడు వారాలు ఆగవల్సి ఉండె చెల్లె" అంది. ఇంటికొచ్చాక ఖాళీ పందిరి వైపు చూడలేకపోయాను. మొక్కకి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. దాని టైము ఇంకా రాలేదని నాకు ఎట్లా చెప్తుంది?

ఆ చలికాలం కూర్చుని చదివాను. చిక్కుడు పొద్దు తగ్గితే పూసే మొక్క. కొన్ని మొక్కలు పగటి నిడివిని బట్టి పూతకొస్తాయని గట్టిగా తేల్చింది గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు, 1920లో. వాళ్లను తికమక పెట్టింది మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం. ఎండకాలమంతా పొలంలో మనిషిని దాటి ఎదుగుతుందే కానీ పూయదు. అదే మొక్కను చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో ఉంచితే బుద్ధిగా పూసేది. వేడా, తేమా, ఎరువా అని అన్నీ చూశారు. చివరికి నడి ఎండకాలంలో కుండీలను రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి చూస్తే పూత వచ్చింది. అది చదువుతుంటే ఆ ఇద్దరూ మా పెరట్లోనే తిరుగుతున్నట్టు అనిపించింది. నేను ఎరువు తగ్గించినట్టే వాళ్లూ తగ్గించి చూశారు కదా.

తర్వాత కాలంలో ఇంకో సంగతి తేలింది. ఈ మొక్కలు నిజంగా లెక్కపెట్టుకునేది రాత్రిని. చీకటి ఎడతెగకుండా ఎంతసేపు ఉందన్నది వాటికి కావాలి. మధ్యలో వెలుతురు పడితే లెక్క చెడుతుంది. ఇది మా ఇంట్లోనే చూశాను. మూడో ఏడు పందిరి సగం ముందే పూసింది, వరండా వైపు సగం పూయలేదు. అటువైపు రాత్రంతా లైటు వెలుగుతూ ఉండేది. ఆ లైటు ఆర్పడం మొదలుపెట్టాక పది పదిహేను రోజులకు ఆ కొస కూడా మొగ్గ తొడిగింది. ఇప్పుడు ఆగస్టు పదిహేను దాటితే మా వెనక వరండాలో లైటు వేయం. చుట్టాలొచ్చినా అంతే. ఫోన్ లైటుతో దారి చూపిస్తాను.

లెక్క వేసుకుంటే అంతా అర్థమవుతుంది. జూన్‌లో ఇక్కడ పగలు పదిహేను గంటలు. జగిత్యాలలో ఏడాది మొత్తంలో పెద్ద పగలు కూడా పదమూడు గంటలకు కాస్త పైన, అంతే. మన చిక్కుడుకి అంత పొడుగు పగలు వంశంలో ఎక్కడా తెలియదు. అందుకే ఆకులేసుకుంటూ, ఎదురుచూస్తూ ఉంటుంది. సెప్టెంబర్ 22, 23 తేదీలకి పగలూ రాత్రీ సమానం అవుతాయి చూడండి, ఆ రోజు ఇక్కడా పన్నెండు గంటలే, అక్కడా పన్నెండు గంటలే. భూమ్మీద ఎక్కడైనా దాదాపు అంతే. ఏడాదిలో రెండుసార్లే మా ఊరికీ ఈ ఊరికీ పొద్దు ఒకటవుతుంది. ఒకటి మార్చిలో, అప్పుడు నా మడులన్నీ ఖాళీ. రెండోది ఇప్పుడు.

మొదటి పువ్వు చూసిన ఆ పొద్దునే అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగు దాటింది. కెమెరా తిప్పి చూపించాను. అమ్మ చూసి, "మనకాడ గూడ ఇప్పుడిప్పుడే మొగ్గ కనవడుతున్నది బిడ్డా" అని, మంచం మీది నుంచి లేచి, ఫోన్ పట్టుకుని దొడ్లోకి నడిచింది. నడుస్తుంటే నాకు ఆమె పాదాలు, కొంగు, ఆకాశం, ఒక కోడి కనిపించాయి. తర్వాత దడి మీద పాకిన చిక్కుడు తీగ. అమ్మ ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో ఆకుల్ని పక్కకు తప్పించి, "ఇగో" అంది. గింజంత మొగ్గలు. మేమిద్దరం ఎవరి పందిరి దగ్గర వాళ్లం కాసేపు అట్లాగే నిలబడ్డాం.

అమ్మది సంక్రాంతి దాటే దాకా కాస్తుంది. నాది ఫ్రాస్ట్ పడే దాకా. ఇప్పుడు పొద్దు నిడివితో పనిలేకుండా కాసే పొట్టి రకాలు కూడా ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. ఫ్రెండ్ ఒకామె అవి వేసుకొమ్మని చెప్తూ ఉంటుంది. మంచి రకాలే, ఎవరైనా వేసుకోవచ్చు. నేను మాత్రం ఆ నల్ల గింజనే పెడుతున్నాను. మూడు నెలలు ఎదురుచూసి వచ్చే పూత ఇది, దాన్ని వదులుకోలేను.

ఇక్కడివాళ్లు ఈ తీగని అందానికి పెంచుకుంటారు. గేటు మీద, ఆర్చి మీద పాకిస్తారు, ఊదారంగు కాయలు చూసి మురుస్తారు, కోసి వండరు. ఎండిన గింజ ఉడికించకుండా తింటే విషమని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అది నిజమే కూడా. లేత కాయ కోసి, ఈనె తీసి, టమాటతో కూర చేసి మా పక్కింటి పెద్దాయనకి ఇచ్చాను ఒకసారి. ఆయన తాతలు ఇటలీ నుంచి వచ్చారు. ఎనభై దాటినా తన తోట తనే చూసుకుంటారు. డబ్బా ఖాళీ చేసి, కడిగి, అందులో అంజీర పళ్లు పెట్టి తిరిగిచ్చారు. అప్పటి నుంచి ఆ డబ్బా మా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది.

ఆ అంజీర చెట్టు గురించి చెప్పాలి. అది ఇక్కడి చలికి తట్టుకునే చెట్టు కాదు. ఆయన ఏటా నవంబర్‌లో దాని కొమ్మలన్నీ దగ్గరికి లాగి తాడుతో కట్టి, గోనెపట్టా చుట్టి, మధ్యలో ఎండుటాకులు కూరి, నెత్తి మీద ప్లాస్టిక్ బకెట్ బోర్లిస్తారు. వాన నీళ్లు లోపలికి దిగకుండా. చలికాలమంతా ఆ చెట్టు చీర కట్టుకుని నిలబడిన మనిషిలా ఉంటుంది. ఏప్రిల్‌లో విప్పుతారు. వాళ్ల నాన్న అట్లాగే చేసేవారట. నేను తాడు పట్టుకుంటాను, ఆయన ముడులు వేస్తారు. మా కల్యమాకు (కరివేపాకు) సంగతి చెప్తే ఆయనకి విడమర్చి చెప్పే పనే ఉండదు, వెంటనే అర్థమవుతుంది.

మా కల్యమాకు ఏడేళ్లది. పెద్ద కుండీలో ఉంది, కింద చక్రాల పలక. రాత్రి యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగుతుందని తెలిస్తే లోపలికి తేవాల్సిందే. తెచ్చే ముందు ఆకు ఆకూ అటూ ఇటూ కడుగుతాను. ఆకు వెనక ఈనె పక్కన గోధుమరంగు చుక్కల్లాగా పొలుసు పురుగులు అతుక్కుని ఉంటాయి. గోటితో గీరితే ఊడుతాయి. వదిలేస్తే ఇంట్లో వేడికి డిసెంబర్‌లో చెట్టంతా పట్టేస్తాయి, ఆకులన్నీ జిగట. ఈ పని ఒక శనివారం పూర్తిగా పడుతుంది. పాత దువ్వెనలాంటి ఆ రెమ్మలు పట్టుకుని తుడుస్తుంటే రెండు రోజులు చేతులకు ఆ వాసన పోదు, పోవాలని కూడా నాకుండదు. మల్లె కుండీ కూడా దాంతోపాటే లోపలికి. పసుపు సంచి మాత్రం బయటే ఉంచుతాను. దాని ఆకులు ఇప్పుడు అంచుల నుంచి పచ్చబడుతున్నాయి. మా దగ్గర పసుపుకి ఎనిమిది తొమ్మిది నెలలు కావాలి, ఇక్కడ దొరికేది ఐదో ఆరో. అందుకని కొమ్ములు చిటికెన వేలంతే ఊరుతాయి. బాపు ఉండి ఉంటే అది చేతిలోకి తీసుకుని బరువు చూసేవాడు. ఏమనేవాడో నాకు తెలుసు. అయినా ఏటా పెడతాను.

తోటలో వెలుతురు మారిపోయింది. పడమటి వైపు ఓక్ చెట్టు నీడ జూన్‌లో మా కంచె దాటేది కాదు. ఇప్పుడు నాలుగున్నరకే సొర మడి మీదికి వస్తోంది, ఐదున్నరకి మిర్చి మీదికి. ఆ నీడకీ చిక్కుడు పందిరికీ మధ్య మిగిలిన కాసింత ఎండలో సాయంత్రం ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటాను. ఎండకి రంగు ఉంటుంది ఇప్పుడు, నెయ్యి కాచేటప్పుడు చివర్లో వచ్చే రంగు. కీచురాళ్లు పగలే అరుస్తున్నాయి. రాత్రి చల్లబడే కొద్దీ వాటి అరుపు నిదానిస్తుంది, వాటికి వేడి ఉంటేనే జోరు. ఒక్కో రాత్రి అరుపుకీ అరుపుకీ మధ్య నేను ఊపిరి తీసుకునేంత ఎడం.

సొర అయిపోయింది. ఆకుల మీద బూడిద తెగులు, సున్నం చల్లినట్టు. ఆగస్టులో రాత్రిపూట తెల్లటి పూలు పూసి పందిరంతా దీపాలు పెట్టినట్టుండేది. ఇప్పుడు చివరి కాయ ఒకటి విత్తనానికి వదిలాను. తొక్కు గట్టిపడి, గోరు దిగడం లేదు. టమాటలు కూడా ఎర్రబడడం మానేశాయి. పెద్దవి కోసి కాగితాల్లో చుట్టి సెల్లార్‌లో పెట్టాను, పండుతాయి. మిగతా పచ్చివి నువ్వులు, పచ్చిమిర్చి వేసి తొక్కు నూరాను. పుంటికూర (గోంగూర) మొగ్గ తొడిగింది. అది కూడా చిక్కుడు లాగే పొద్దు తగ్గితేనే పూసేది. మొగ్గ పడితే ఆకు చిన్నదైపోతుంది, అందుకని పోయిన ఆదివారం ముక్కాలు భాగం తెంపేశాను. మిగిలిన మూడు మొక్కలు పూలకోసం. లేత పసుపు పువ్వు, మధ్యలో మెరూన్ కన్ను. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. గింజ ముదిరే దాకా చలి ఆగదు, పువ్వు చూడ్డమే ఇక్కడ మనకి దక్కేది.

అన్నట్టు గంగవాయిల కూర. దీన్ని ఇక్కడ కలుపు కింద పీకి పారేస్తారు. నేను దాని కోసం ఒక మూల వదిలిపెడతాను. ఎరుపు కాడలు, బొద్దు ఆకులు, అచ్చం మా ఊళ్లో చేలగట్ల మీదిదే. పెసరపప్పులో వేస్తే ఆ పులుపుకి ఇంకేమీ అక్కర్లేదు. ఈ వారంతో అది కూడా సరి.

బతుకమ్మ గురించి చెప్పకుండా ఈ నెల గడవదు. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వుని మా ఊళ్లో ఎవరూ విత్తరు. పత్తిలో, మక్కలో కలుపుగా లేస్తుంది, ఆడవాళ్లు తిట్టుకుంటూ పీకుతారు. అదే గునుగు, బతుకమ్మ మొదలయ్యే పెత్తర అమావాస్య వచ్చేసరికి ఎవరి చేల గట్టున ఎంత ఉందో వెతుక్కుంటారు. ఇక్కడ నేను దాన్ని మే నెలలో ట్రేల్లో విత్తుతాను. ఆవగింజ కంటే చిన్న గింజ, నల్లగా, మెరుస్తూ. ఎడం చూసి నాటి, కుందేళ్లు తినకుండా జాలీ కట్టి పెంచుతాను. బంతి ఒక వరస, సీతమ్మ జడ ఒక వరస, గునుగు రెండు వరసలు. చిన్నప్పుడు పీకి గట్టు మీద పారేసిన మొక్కని ఇప్పుడు ఒక్కొక్కటీ నీళ్లు పోసి కాపాడుకుంటున్నాను.

తంగేడు మాత్రం ఇక్కడ పెరగదు. తంగేడు లేని బతుకమ్మ ఏంటని మొదటి రెండేళ్లు బాధపడ్డాను. తర్వాత సెప్టెంబర్‌లో రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద గోల్డెన్‌రాడ్ పూయడం చూశాను. పొడవాటి కాడ, కొసన పసుపు నురగ. సరిగ్గా బతుకమ్మ రోజులకే పూస్తుంది. ఆ పువ్వుకి జలుబు, తుమ్ములు వస్తాయని మా ఫ్రెండ్స్ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. తుమ్ములు తెప్పించేది రాగ్‌వీడ్ అనే ఇంకో మొక్క, దాని పువ్వు పచ్చగా కంటికి ఆనదు. రెండూ ఒకేసారి పూస్తాయి కాబట్టి నింద కనబడేదాని మీద పడింది. ఇప్పుడు కంచె బయట గోల్డెన్‌రాడ్ దుబ్బులు రెండు పెంచుతున్నాను. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, మొదటి వరస అదే పేరుస్తాం. దాని మీద గునుగు, తెల్లది కొంత, గులాబీ రంగు అద్దింది కొంత. దాని మీద బంతి. ఊదారంగు ఆస్టర్ పూలు ఇక్కడివి, అవీ ఒక వరస. పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ.

ఈ ఏడు సెప్టెంబర్ 21న ఎంగిలి పూలు, 30న సద్దులు. తోటకి ఇంతకంటే మంచి తారీఖులు ఉండవు, పూలన్నీ నిండుగా ఉన్నాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి పండుగ వెనక్కి జరిగింది. అక్టోబర్ 14న మొదలై 22న సద్దులు. ఆ తొమ్మిది రోజులూ నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో రాత్రి టెంపరేచర్ చూడడం, సాయంత్రం గునుగు మీద పాత దుప్పట్లు కప్పడం, పొద్దున తీయడం. పూలు దక్కాయి. వచ్చే ఏడు అధిక జ్యేష్ఠం ఉంది, పెత్తర అమావాస్య అక్టోబర్ 10న పడుతోంది. అందుకని ఈసారి గునుగు కొంత ముందే కోసి ఎండబెట్టి కట్టలు కట్టాను. గునుగు ఎండినా రంగు పోయేది కాదు, అదొక్కటి దానిలో గొప్ప సంగతి.

సద్దుల రోజు మా పెరట్లో పదకొండు మంది ఆడవాళ్లం, పిల్లలు. మక్క సత్తుపిండి, పెరుగన్నం, నువ్వుల పొడి. చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే కింద గడ్డి మీద మేపుల్ ఆకులు రాలి ఉన్నాయి, ఎర్రవి, మా పాదాల కింద చిట్లుతూ. మా పాప పన్నెండేళ్లది, మధ్యలో వచ్చి నా చెవిలో, "అమ్మా, మీ ఊళ్లో కూడా కింద ఆకులుంటాయా?" అని అడిగింది. ఉండవు, మట్టి ఉంటుంది, అని చెప్పాను. అది ఒక ఆకు తీసి బతుకమ్మ వరసల మధ్య గుచ్చింది. నేను తీయలేదు.

పోయినేడు ఫ్రాస్ట్ పడిన రాత్రి సంగతి కూడా రాసిపెట్టుకోవాలి. మధ్యాహ్నం ఆఫీసు కాల్‌లో ఉండగా ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది, తెల్లవారుజామున 32 ఫారెన్‌హీట్‌కి, అంటే నీళ్లు గడ్డకట్టే చలికి దిగుతుందని. కాల్ అయిపోయేసరికి ఐదైంది. మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కాను. చిక్కుడు గుత్తులు ఒక చేత్తో వంచి, ఇంకో చేత్తో కాయలు తెంపి బుట్టలో వేస్తున్నాను. చిక్కుడు కాయకి ఒక రకం జిడ్డు వాసన ఉంటుంది, వేళ్లకి పట్టుకుంటుంది. చలికి వేళ్లు వంగడం లేదు. చీకటి పడ్డాక పాప టార్చి పట్టింది. లేత పిందెలు కూడా తెంపాలా వద్దా అని ఒక్క నిమిషం ఆగాను. తెంపలేదు. పందిరి మీద నాలుగు దుప్పట్లు, ఒక పాత బొంత కప్పి, గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టాం.

పొద్దున లేచి చూస్తే గడ్డి తెల్లగా ఉంది, ఉప్పు చల్లినట్టు. కప్పని చోట బంతి మొక్కలు నల్లబడి, ఉడికిన ఆకుకూర లాగా వేలాడుతున్నాయి. తులసి పోయింది. బొంత ఎత్తి చూశాను. లోపల చిక్కుడు బతికే ఉంది. పూలు కూడా విచ్చుకుని ఉన్నాయి. ఆ ఒక్క రాత్రి దాటితే మళ్లీ పది రోజులు మంచి ఎండ కాసింది, ఆ పది రోజుల్లో ఆ పిందెలు కాయలై నాలుగుసార్లు కూర వండాను. ఐదోసారికి ఇంకో రాత్రి వచ్చింది, దుప్పట్లకు లొంగని చలి అది.

ఖాళీ అయిన మడుల్లో మెంతికూర, కొత్తిమీర వేసేశాను. ఎండకాలంలో ఇక్కడ కొత్తిమీర మొలిచిన నెలకే పూతకెక్కుతుంది. సెప్టెంబర్‌లో వేసింది మాత్రం చల్లటి గాలికి నెమ్మదిగా, గుబురుగా పెరుగుతుంది. నెలాఖరుకి టమాట మడి తవ్వి వెల్లుల్లి పెట్టాలి. ఒక్కో రెబ్బ నాలుగు వేళ్ల ఎడం, మొన పైకి. మీద రాలిన ఆకులు కప్పితే మంచు కింద పడుకుని జూలైలో గడ్డలవుతుంది.

ఇవాళ సాయంత్రం చిక్కుడు కాయలు మొదటిసారి తెంపాను. అరకిలో ఉంటాయేమో. కూరకి సరిపడా తీసి, పందిరి పైకొసన నాలుగు గుత్తులకి ఎర్ర దారం కట్టాను, అవి విత్తనానికి. తర్వాత ఆకులు వెతికాను. రథసప్తమి జనవరి 25న. అమ్మ ఆ రోజు దొడ్లో కోసిన చిక్కుడాకుల్లో సూర్యుడికి పరమాన్నం పెడుతుంది, చిక్కుడు కాయలకి పుల్లలు గుచ్చి రథం చేస్తుంది. ఇక్కడ జనవరిలో పందిరి ఇనుపజాలీ తప్ప ఏమీ ఉండదు. పురుగు తినని, మచ్చ లేని ఆకులు ఏడు దొరికాయి. గుడ్డతో తడి అద్ది, పాప పాత అట్లాస్ పుస్తకంలో పేజీకొకటి పరిచి, పైన రోలు పెట్టాను.